ఈకల క్రింది క్రొవ్వు

మా పాఠశాల ప్రకృతిశాస్త్రపు గదిలో తూర్పుగోడ కానించి యొక గాజు బీరువా కలదు. అందు శంఖములు, పాము కుబుసము, నాలుగైదు రంగురాళ్లు, ఎండిన తేనెపట్టు, వీనితోబాటు ఒక అడవిబాతు ఉన్నవి. మేమీ పాఠశాలలో ఉపాధ్యాయులముగా చేరునాటికే ఆ బాతు అచ్చట వెల్లకిలగా పరుండియుండెను. దాని కాళ్లకు దారముతో కట్టిన చీటీ కలదు గాని, ఆ చీటీ యంతయు నూనెలో ముంచి తీసినట్లు పసుపువన్నెకు తిరిగి, సిరా చెదరి, "చెరువు" అను మాటయు "19" అను రెండంకెలును తప్ప తక్కిన దేదియు చదువ శక్యము గాకున్నది.

మూడేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి బాలిక యొకతె గాజునకు ముక్కానించి చాలసేపు చూచి, "అయ్యా, ఇది చచ్చి యెన్నో యేండ్లయినది గదా, ఇంకను నూనె ఎక్కడనుండి వచ్చుచున్నది?" అని యడిగెను.

మేము వెంటనే ప్రత్యుత్తర మీయలేకపోతిమి. రేపు చెప్పెదమని తప్పించుకొంటిమి. ఆ ప్రశ్న వెంబడి మేమును మా విద్యార్థులును పడిన పాట్లే యీ వ్యాసమునకు విషయము. అందులో నొక తప్పు కేవలము మాది. దానిని దాచక వ్రాయుచున్నాము.

మొదట క్రొవ్వు సంగతి. పక్షికి క్రొవ్వు చర్మపు లోపలి ప్రక్కను అంటియుండును. పైనుండి చూచువారికి ఈకలే కాని అది కనబడదు. ఈకలు చర్మమంతటను సమముగా మొలచుననుకొందుము గాని, అట్లు కాదు. సేద్యగాడు గొఱ్ఱుతో విత్తిన సాళ్లవలె అవి వరుసలు తీరి మొలచును; నడుమనడుమ బోడిచోటులుండును. ఆ సాళ్లలో ఈకమొదళ్ల సందున క్రొవ్వు ఇఱుకుకొని యుండుటచేత పైపైన గీచినంత మాత్రమున ఊడిరాదు. నీటిపక్షులకు క్రొవ్వు మఱింత అధికము. చల్లని నీటిలో ఒంటి వేడి జాఱిపోకుండ కాపాడునది అదియే. శీతకాలమున హిమాలయములు దాటి మన చెరువులకు వచ్చు బాతులకు దారిబత్తెమును అదియే. ఇదిగాక తోకమొదట నూనెతిత్తి యొకటి కలదు. పక్షి ముక్కుతో దానినుండి నూనె తీసి ఈకలకు రాచుకొనును. బాతు నీటిలో మునిగి లేచియు తడియకుండుట మనమందఱము చూచినదే గదా.

పక్షి చచ్చిన పిమ్మట ఈ క్రొవ్వు ఊరకుండదు. గాలి సోకిన కొలదిని చెడి ఆమ్లములుగా మాఱును. చాలదినములు నిలువయుంచిన వేరుసెనగనూనెకు చెడువాసన పుట్టుట యిట్టిదే. ఆ ఆమ్లములచే చర్మము గోధుమవన్నెకు తిరిగి అప్పడమువలె పెళుసగును. పలుచనైన నూనె ఈకమొదళ్లగుండ వెలికి పాకి, ఈకలను జిగురుగా నంటించి, చివరకు కాళ్లకు కట్టిన చీటీ దాకను ప్రాకును. ఆ వాసనకు చర్మములు తిను పెంకుపురుగులు చేరును. అందులోను మన అనంతపుర ప్రాంతమున వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. బాతుక్రొవ్వు అంతకంటె చాల తక్కువ వేడికే కరగునట్టిది. కావున బీరువాలోని బాతు ప్రతి వేసవియందును కొంచెము కొంచెముగా చెమర్చుచు వచ్చినదన్న మాట. ఆ బాలిక ప్రశ్నకు ఇదియే సమాధానము. తయారుచేసిన వారెవరో దూది కూర్చుటకు తొందరపడి క్రొవ్వు తీయుట మఱచిరి.

"మఱి ఒక బాతుకు ఇంత విచారమేల?" అని తలిదండ్రులు కొందఱు అడుగవచ్చును. పక్షి యెంత అందముగా నున్నను చీటీ లేనిదే అది శాస్త్రమునకు పనికిరాదు. ఎచ్చట, ఏనాడు దొరకినదో తెలిసినప్పుడే దానివలన ఆ చోటి చరిత్ర తెలియును. మన జిల్లాకే సంబంధించిన యుదాహరణ మొకటి చెప్పెదము. మదరాసు సైన్యమున వైద్యుడైన జెర్డన్ దొర మన నెల్లూరులోను పనిచేసినవాడు. 1862 మొదలు 1864 వఱకు భారతదేశపు పక్షులను గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించినవాడు. ఆయన మూలమున తెలియవచ్చిన ఒక చిన్న పక్షికి 1848లో ఎడ్వర్డు బ్లైత్ శాస్త్రనామ మిచ్చెను. మనవారు దానిని కలివికోడి యందురు. ముండ్లపొదల నడుమ రాత్రివేళ తిరుగునది. 1900లో లండను మిషనుకు చెందిన హవార్డు కాంబెల్ గారు అనంతపుర సమీపమున పెన్నలోయలో దానిని చూచిరి. అటుపిమ్మట 86 సంవత్సరములు దానిని చూచితిమని నిశ్చయముగా చెప్పినవారు లేరు. ఆ జాతి నశించినదనియే తలచిరి. 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లె యొద్ద ఊరివారు రాత్రి దివిటీవెలుగున ఒకదానిని పట్టిరి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ గారు దానిని గుర్తించిరి. పాప మా పక్షి బ్రతుకలేదు. దాని చర్మము బొంబాయిలో భద్రపఱుపబడినది. దాని మూలముననే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము 1988లో ఏర్పడినది. ఆ 86 సంవత్సరములు ఈ పక్షి యొకప్పుడు ఉండెననుటకు పాత చర్మములును, వాని చీటీలును, పుస్తకములలోని నాలుగు పంక్తులును తప్ప వేఱు సాక్ష్యము లేకుండెను.

హ్యూము దొర కథయు నిచ్చట చెప్పదగినదే. కాంగ్రెసు సంస్థాపకులలో నొకరని మన పిల్లలు చరిత్రలో చదువుదురు గాని, ఆయన సిమ్లాలో పక్షిచర్మములు వేలకొలది కూర్చినాడని వారి పుస్తకములలో లేదు. ఆయన జీవితకాలమంతయు వ్రాసికొన్న వ్రాతప్రతులను పనివాడొకడు బజారులో చిత్తుకాగితములుగా అమ్మివేయగా విరక్తుడై, 1885లో 60,000కు పైబడిన పక్షిచర్మములను బ్రిటిషు మ్యూజియమునకు దానము చేసెను. అంతకు పూర్వమే పెంకుపురుగులు పట్టిన చర్మములను సుమారు 20,000 పాఱవేయవలసి వచ్చెనట! కాగితములు పోయినను చర్మముల కాళ్లకు కట్టిన చీటీలు మిగిలినందుననే ఆ శ్రమ వ్యర్థము కాలేదు. మా బీరువాలోని బాతునకు ఆ మాత్రపు భాగ్యమును లేదు.

ఇవన్నియు తరగతిలో చెప్పినప్పుడు విద్యార్థులు మేమును ఒక పక్షిని సిద్ధము చేయుదుమని పట్టుబట్టిరి. ఇచ్చట ఒక అడ్డంకి కలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిపక్షిని పట్టుటయు చంపుటయు నేరము. దారిలో చచ్చిపడియున్న దానినైనను అధికారుల అనుమతి లేక ఇంట నుంచుకొనరాదు. ఈ సంగతి చెప్పిన మూడవనాడే ఆఱవ తరగతి పిల్లవాడొకడు చొక్కా విప్పి అందులో చుట్టుకొని ఒక పాలపిట్టను తెచ్చెను. గుత్తి బాటలో ఏదియో బండి తగిలి చచ్చినది. దాని రెక్క విప్పి చూపి, "అయ్యా, నేను చంపలేదు. ఈ నీలము మట్టిలో కలిసిపోవలసినదేనా?" అనెను. మాకు గొంతు పెగలలేదు. చట్టమున్నది నిజమే. ఒక పాఠశాల దానిని తప్పినచో పది ఉండేలులకు అనుమతి యిచ్చినట్లే యగును. ఆ పిల్లవాని వెంటబెట్టుకొని పోయి అటవీశాఖవారికి ఆ పక్షిని అప్పగించి వచ్చితిమి. తిరిగి వచ్చునపుడు దారి పొడుగున వాడు మాతో మాటాడలేదు. వాని కోపము న్యాయమైనదే యని యిప్పటికిని మాకు తోచుచుండును. మా పని తప్పనియు తోచదు.

కనుక పెంపుడు పక్షినే వెదకితిమి. ఏప్రిల్ మొదటి వారమున బుక్కరాయసముద్రము చెరువు క్రింద కోసిన మళ్లలో బాతులమంద దిగెను. రహదారి దాటునప్పుడు లారీ తగిలి ఒక బాతు చచ్చెను. కాపరి దానిని మాకు ఊరకే ఇచ్చెను. రోగముతో చచ్చిన బాతునైనచో ముట్టుట ప్రమాదము. బాతులకు వచ్చు జ్వరములలో మనుష్యుల కంటునవి యున్నవి. ఇది మా కన్నులయెదుటనే ఆరోగ్యముగా నడచుచు చచ్చినది గాన తెచ్చితిమి. చేతులకు తొడుగులును, ముక్కునకు గుడ్డలును కట్టుకొని పని కుపక్రమించితిమి.

చదువరులలో సుకుమారహృదయులుందురు గావున ఒలుచుట సంక్షేపముగా చెప్పెదము. ఱొమ్ముటెముక నడుమనుండి క్రిందికి ఒకే కోత కోసి, చర్మమును చొక్కా తిరగవేసినట్లు తలదాక తిరగవేయవలెను. రెక్కల యెముకలు, కాళ్లు, పుఱ్ఱె, ముక్కు చర్మముతోనే యుండును. తక్కిన దేహము వెలికివచ్చును. పని సాగుచున్నంతసేపు తడి పీల్చుటకై పిండి చల్లుచుండవలెను, లేనిచో ఈకలు మలినమగును. పుస్తకములలో మొక్కజొన్నపిండి యని యుండెను. అది లేదు గాన వసతిగృహపు వంటమ్మ యొద్దకు పోయి రెండు శేర్ల జొన్నపిండి యడిగితిమి.

ఆమె చేతిలోని గరిటె క్రింద పెట్టి, "ఏం సామీ, చచ్చిన బాతుకు పిండి పూస్తారా? బిడ్లు రెండో ముద్ద అడిగితే ల్యాదని చెప్పేదాన్ని నేను. పొండి, నేనియ్యను" అనెను.

మేము సిగ్గుపడి మరలితిమి. ఆమె మాటలో అసత్యము లేదు. ఇది సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు సీమ. పడమటి కనుమలు నైరృతి మేఘములను ఆపును. ఈశాన్యపు మేఘములు సముద్రమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి బలము దప్పును. ఆ యేడు ఆ సగటును కురియలేదు. అట్టిచోట పిండిని బాతు కడుపున చల్లుదుమని యడుగుట మా తెలివితక్కువ. తుదకు వేరుసెనగకాయ లొలుచు మిల్లునుండి పొట్టు తెచ్చి, రోటదంచి, జల్లించి వాడితిమి. ఱంపపుపొట్టువలెనే పని చేసినది. ఈ ఉపాయము చెప్పినది మేము గాదు, మిల్లులో పనిచేయు ఒక తండ్రికి కుమారుడైన విద్యార్థి.

పొట్టు దొరకినది గాని నీటి మాట యేమి? మార్చిలోనే పాఠశాల బోరు ఎండెను. వారమునకు రెండుమార్లు ట్యాంకరు వచ్చుచుండెను. వసతిగృహములోని పిల్లకు దినమునకు రెండు చిన్న బకెట్లకు మించి నీరు లేదు. బాతుచర్మమును సబ్బునీట కడిగి, మఱల మఱల మంచినీట జాడింపవలెనని మేము చదివియే యుంటిమి. కాని ఒక కడవ నీరు సబ్బు కలుపుటకు, ఒక కడవ జాడించుటకు, ఈ రెండే యడుగుటకు మాకు నోరాడెను. సబ్బుతో కడిగినప్పుడు నీరు మజ్జిగవలె తెల్లనయ్యెను. జాడించిన నీరును తెల్లగానే యుండెను. నూనెచుక్కలు నీటిపైన చిన్న నాణెములవలె తేలుచుండెను.

మొదట ప్రశ్న యడిగిన బాలికయే తొట్టిమీదికి వంగి చూచి, "అయ్యా, నీళ్లింకను తెల్లగానే యున్నవి" అనెను.

మేము "చాలును" అంటిమి.

నీరు లేదని చెప్పియుండిన తప్పు లేకపోయెడిది. "ఈ దినమున కింతే శక్యము, చర్మమును ఉప్పు వేసి దాచి వానలు వచ్చిన పిమ్మట మఱల కడుగుదము" అని చెప్పియుండినను బాగుగా నుండెడిది. అట్లు చెప్పలేదు. చాలినది కానిదానిని చాలినదని పలికితిమి. ఎదుట నిలిచినది మా మాటను శాస్త్రమని నమ్ము పిల్లలు.

పొట్టులో దొర్లించి, దులిపి, ఈకలారిన పిదప లోపలి ప్రక్క వెలిగారము చల్లి, దూది కూర్చి, కుట్టి, నీడను ఆఱబెట్టితిమి. వెలిగారమును గూర్చి ఒక మాట. పూర్వులు దానికి బదులు పాషాణపు సబ్బు పూసెడివారు. పదునెనిమిదవ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు మెట్సు పట్టణములో బెకూర్ అను ఔషధవిక్రయి దానిని కల్పించెను. పురుగు చేరదు గాని అది ఆర్సెనికు; మనుష్యులకును విషమే. పాత పాఠశాలలలోని పక్షిబొమ్మల ఈకలలో తెల్లని పొడి కనబడినచో పిల్లలు వట్టిచేతులతో ముట్టరాదు. మా బీరువాకు ఆనాటినుండి తాళము వేసితిమి.

జూలైలో తలిదండ్రుల సమావేశ దినమున మా బాతును బల్లమీద ప్రదర్శించితిమి. తెల్లని ఱొమ్ము, చక్కగా ముడిచిన రెక్కలు, ఆ బాలిక గుండ్రని యక్షరములతో వ్రాసిన చీటీ. అందఱును మెచ్చిరి. ఒక పెద్దమనిషి మా భుజము తట్టి, "ఇట్టి పని మా కాలమున లేదు" అనెను. మేము సంతోషించితిమి. నీళ్ల మాట అప్పటికి మాకు జ్ఞాపకము లేదు. ఉన్నను జ్ఞాపకము చేసికొనలేదనుట నిజము.

ఆగస్టు చివర బీరువా తెఱవగా వాసన గొట్టెను. ఱొమ్ముమీది యీకలు తడిసిన జుట్టువలె అంటుకొని, వాని మొదళ్లయందు పసుపు కనబడెను. కాళ్లగుండ దారము వెంబడి నూనె దిగి చీటీ యొక మూల తాకియుండెను. ఆ బాలిక మమ్మేమియు అనలేదు. చీటీమీద నూనె యెచ్చటివఱకు వచ్చినదో అచ్చట పెన్సిలుతో సన్నని గీత గీచి ప్రక్కను తారీఖు వేసెను. మఱుసటి సోమవారమున మఱియొక గీత. ఆ మఱుసటి సోమవారమున ఇంకొకటి. నాలుగవ గీత ఆమె వ్రాసిన ఊరిపేరును దాటెను.

అప్పుడు తరగతిలో నిలిచి, ఏప్రిలులో మేము చెప్పినది తప్పనియు, తొట్టిలోని నీరు తెల్లగానున్నంతవఱకు పని ముగియలేదని యెఱిగియే ముగించితిమనియు ఒప్పుకొంటిమి. పిల్లలు నవ్వుదురేమో యని భయపడితిమి. ఎవరును నవ్వలేదు. వెనుకబల్ల నుండి ఒకడు మాత్రము "ఇప్పుడు విప్పి కడిగిన పోదా, అయ్యా?" అని యడిగెను.

ప్రయత్నించితిమి. కుట్లు విప్పి, దూది తీసి, తడిగుడ్డలో చుట్టి మెత్తపఱచితిమి. వీపు చర్మము బాగుగనే యుండెను. కడుపున మాత్రము క్రొవ్వు గట్టిపడి బంకవలె మాఱి సబ్బునకు లొంగలేదు. వ్రేలు తాకిన చోటనెల్ల చర్మము తడిసిన కాగితమువలె చినిగెను. రెండు రెక్కలు మాత్రము కోసి దాచుకొని తక్కినది పూడ్చితిమి. ఆ రెక్కలలో నొకదానిని ఒక పిల్లవాని అవ్వ చెప్పినట్లు కుంకుడుకాయ రసముతో కడిగితిమి. జిడ్డు చక్కగా విడిచెను గాని తెల్లని యీకకు కొంచెము గోధుమవన్నె పట్టెను. నల్లని పక్షికైనచో మేలైన సాధనమని మా యభిప్రాయము.

మ్యూజియములవారు సబ్బుతో కడిగిన పిమ్మట పెట్రోలు జాతి ద్రావకములలో నానవేసి మిగిలిన క్రొవ్వును కరగింతురు. ఒకప్పుడు కార్బన్ టెట్రాక్లోరైడు వాడెడివారు. అది కాలేయమును చెఱచునని తెలిసి మానిరి. పెట్రోలు ఆవిరి నిప్పురవ్వ దూరముననున్నను అంటుకొనును. పిల్లలున్న గదిలోనికి దానిని రానీయమని నిశ్చయించుకొంటిమి. కాబట్టి మాకు మిగిలినవి మొండికత్తి, సబ్బు, నీరు, ఓపిక.

ఆ సెప్టెంబరున దేవుని దయవలన వానలు బాగుగ కురిసెను. బోరులో నీరు లేచెను. క్రిస్మసు పండుగకు వసతిగృహమువారు బాతులు కొనుచున్నారని విని మఱల వంటమ్మ యొద్దకు పోతిమి. చర్మము మాకు, మాంసము పిల్లలకు అని యొడంబడిక. ఆమె కొంతసేపు ఆలోచించి, "మాంసానికి మీ మందులేమీ తగలగూడదు" అని షరతు పెట్టెను. వంటయింటి బల్లమీదనే, ఆమె కన్నులయెదుటనే, మందులేమియు ముట్టక ఒలిచితిమి. ఈ మాఱు అడుగకయే దోసెడు జొన్నపిండి తెచ్చి తానే చల్లెను. గీచి తీసిన క్రొవ్వును చూచి "అయ్యో, దీన్ని పారేస్తారా?" అని గిన్నెలోనికెత్తుకొని పోయెను. అది తుదకు ఏ కూరలో పడినదో విచారింపలేదు.

చర్మమును ప్రకృతిశాస్త్రపు గదికి తెచ్చి ప్రొద్దుననుండి సాయంకాలపు ప్రార్థన గంటదాక గీచితిమి. మొదట నూనెతిత్తిని కోసివేసితిమి. పిమ్మట మొండికత్తితోను చెంచాయంచుతోను తోకవైపునుండి తలవైపునకు, ఒక్కొక్క సాలు వెంబడి గీచితిమి. పిల్లలు వంతులు వేసికొనిరి. గట్టిగా నొత్తిన చర్మము చినుగును. మెల్లగా నొత్తిన క్రొవ్వు రాదు. ఎంత బలము పెట్టవలెనో మాటలతో నేర్పజాలము, చేతికే తెలియవలెను. కలము పట్టుటలో వెనుకబడిన ఒక పిల్లవాడు ఈ పనిలో అందఱిని మించెను. మేము చినిపిన రెండుచోటుల కుట్టినదియు వాడే. ఈకమొదళ్ల సందున పాత పండ్లకుంచెతో రుద్దితిమి.

కడుగుటకు గోరువెచ్చని నీరే వాడవలెను. మఱుగునీటికి చర్మము ముడుచుకొనిపోయి ఈకలు ఊడును. గిన్నెలు తోము ద్రవపుసబ్బు కొంచెము కలిపి, ఈక వాలునకు ఎదురుగా గాక, వాలువెంబడి పిసికితిమి. మొదటి కడవ మజ్జిగ, రెండవది పలుచని మజ్జిగ, మూడవది బియ్యపుకడుగు. నాలుగవ కడవయందు నూనెచుక్కలు తేలుట మానెను గాని సబ్బు నురుగు మిగిలెను. అయిదవదాన అదియు తగ్గెను. మేము ఆ బాలికవైపు చూచితిమి. ఆమె తల అడ్డముగా ఊపెను. ఆఱవ కడవ పోసితిమి. నీటి యడుగున తొట్టిలోని పగులు స్పష్టముగా కనబడెను.

అంతతో విడువక కాగితపు పరీక్షయు చేసితిమి. దీనిని పిల్లలే కల్పించిరి. బజ్జీలు చుట్టిన కాగితము వెలుతురునకు పట్టిన నూనెమచ్చగుండ కాంతి దూరునుగదా. చర్మమును కొంచెమారిన పిమ్మట తెల్లకాగితముపై నొత్తి, ఆ కాగితమును ఎండబెట్టి, కిటికీవెలుతురున చూచితిమి. నీటిమచ్చ ఆఱి మాయమగును, నూనెమచ్చ నిలిచియుండును. తొడమొదట నొత్తిన కాగితమున పావలాకాసంత మచ్చ నిలిచెను. ఆ యొక్కచోటిని మఱల గీచి మఱల కడిగితిమి. రెండవ కాగితమున మచ్చ లేదు. ఆ రెండు కాగితములను బీరువాలో బాతు ప్రక్కనే పెట్టియుంచితిమి.

తడిసిన బాతును చూచినవారు అది మఱల బాతగునని నమ్మరు. చింకిగుడ్డవలె నుండును. పిండి, పొట్టులో దొర్లించి, దులిపి, మఱల దొర్లించి, విసనకఱ్ఱతో విసరుచుండగా, గంట గడచిన పిదప ఱొమ్ముమీది నూగు ఒక్కొక్కటిగా లేచెను. ఆ సమయమున గదిలో ఎవరును మాటాడలేదు. పాలపిట్టను తెచ్చిన పిల్లవాడు, అప్పటికి ఏడవ తరగతి, విసనకఱ్ఱ మఱియొకని కీయక తానే విసరుచుండెను. గాజుకన్నులు పెట్టలేదు. చదువుకొఱకైన చర్మమునకు కన్నులుండవు. కంటిగుంటలలో దూది పెట్టి, వెల్లకిల పరుండబెట్టి, కాళ్లు పెనవేసి చీటీ కట్టుదురు.

చీటీ ఆ బాలికయే వ్రాసెను. ఊరు, తేదీ, ఒలువకముందు తూచిన బరువు, లోపలి అండాశయము చూచి నిర్ణయించిన లింగము, పెంపుడు బాతనుట, క్రొవ్వు అధికమనుట వరుసగా వ్రాసి, చివర "కడిగిన నీరు: 6 కడవలు" అని చేర్చెను. ఇట్టి వివరము మ్యూజియము చీటీలలో నుండదని చెప్పబోయి ఊరకుంటిమి.

ఆమె పదవ తరగతి ముగించి ఇప్పుడు అనంతపురములో చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడెల్ల ప్రకృతిశాస్త్రపు గదికి వచ్చి తాళపుచెవి యడుగును. పూర్వపు అడవిబాతు చీటీని, దాని ప్రక్కను మా మొదటి బాతు చీటీని అదేచోట ఉంచితిమి; దాని నాలుగు పెన్సిలుగీతలును ఇంకను కనబడుచునే యున్నవి. ఈ యేటి వేసవి సెలవులలోను వచ్చినది. ఆనాడు గదిలో మిక్కిలి ఉక్కగా నుండెను. రెండవ బాతు చీటీని కిటికీయొద్దకు తీసికొనిపోయి, వెలుతురునకు పట్టి, అటునిటు త్రిప్పి చూచి, చేతిలో సిద్ధముగా నుంచుకొన్న పెన్సిలును మఱల సంచిలో వేసికొనెను.